అమ్మ మెల్లగా మాట్లాడిన రోజు

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ సామెత వింటే నాకు ఒళ్లు మండుతుంది. శంఖం ఊది ఉంటే నాకు బ్రహ్మాండంగా వినపడేది. వినపడనివల్లా మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాటలు. ఆ సంగతి నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

దానికి కారణం రైసుమిల్లు. ఎనభైల మొదట్లో మేం మిర్యాలగూడలో ఒక మిల్లు ఆవరణలోనే ఉండేవాళ్లం. నాన్న మిషన్ నడిపేవాడు, అమ్మ ఉడికిన వడ్లు కల్లంలో ఆరబోసేది. ఆ మోతలో మామూలు గొంతుతో మాట్లాడే మనిషే లేడు. అరిచేవారు, లేదంటే చేతులతో చెప్పుకునేవారు. నోటి దగ్గర వేళ్లు పెడితే అన్నానికి రమ్మని, భుజం తట్టుకుంటే బస్తా ఎత్తమని, చెయ్యి గాల్లో తిప్పితే మిషన్ ఆపమని. ఆ సైగల్లో నేనే అందరికంటే చురుకు. అక్కడ అందరూ చెవిటివాళ్లలాగే బతికేవారు కాబట్టి నేనూ వాళ్లలో కలిసిపోయాను.

మాటలు మాత్రం రాలేదు. మా నాయనమ్మ తీర్పు చెప్పేసింది: "దీనికి పుట్టినప్పుడు వస సరిగ్గ నాకించలే. గందుకే మాటలు వస్తలేవు." వస నాకిస్తే పిల్లలు గలగలా మాట్లాడతారని మా వైపు నమ్మకం. ఇక చూసుకోండి నా తిప్పలు! రోజూ పొద్దున్నే సానరాయి మీద వసకొమ్ము అరగదీసి, తేనెలో రంగరించి, నా దవడలు నొక్కిపట్టి నాలుకకు పూసేది. నోరు మండి గుక్కపట్టి ఏడ్చేదాన్ని. రోగం చెవిలో, మందు నాలుకకు! చెవి వైపు ఒక్కరూ చూడలేదు.

బడి ఈడు వచ్చిందని నన్ను సూర్యాపేటలో మా మేనత్త ఇంట్లో ఉంచారు. అక్కడ మిల్లు లేదు, అరుపుల్లేవు. అత్త మెత్తగా మాట్లాడే మనిషి. పెదాలు కదిలేవి, నాకేమీ అందేది కాదు. పిలిస్తే పలకనని బడిలో మొండిఘటం అన్నారు. ఆటలో పిల్లలంతా ఒక్కసారి నవ్వేవారు. ఎందుకో తెలియకపోయినా వాళ్ల వెనకే నేనూ నవ్వేదాన్ని. ఒంటరితనం అంటే నాకు ఇప్పటికీ ఆ ఆలస్యపు నవ్వే గుర్తొస్తుంది. అమ్మ అరుపు కోసం బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాను.

ఒకనాడు నా వెనక ఇత్తడి బిందె పడితే ఉలిక్కిపడ్డానట, ఆ వెంటనే అత్త నన్ను పేరు పెట్టి పిలిస్తే తిరగలేదట. ఆమెకు అనుమానం వచ్చి దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరు అన్న మాట చాలా ఏళ్ల తర్వాత అత్తే చెప్పింది. మాటలు వాటంతటవే అబ్బే వయసంతా మిల్లు మోతలో పోయింది, చెవి మిషన్ పెట్టినా ఇక ఒక్కో మాటా పనిగట్టుకుని నేర్పాల్సిందేనని. ఆ రెండో ముక్క అమ్మకు ఎవరూ విడమరచి చెప్పలేదు.

గౌను జేబులో చెవి మిషన్ డబ్బా, అందులోంచి చెవికి తీగ. ఆ వేషంతో వేసవి సెలవులకు మిర్యాలగూడ వెళ్లాను. మధ్యాహ్నం కరెంటు పోయి మిల్లు ఆగింది. అమ్మ నన్ను ఒడిలోకి లాక్కుంది. చెవి మిషన్ ఉంది కదా, ఇక అరవక్కర్లేదనుకుందేమో, నాతో మొదటిసారి మెల్లగా మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. గొంతు వినపడింది! అమ్మ గొంతు అంత మెత్తనిదని నాకప్పటిదాకా తెలియదు. కానీ ఒక్క మాటా అర్థం కాలేదు. చెబుతూ చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది, నడుమ ఒకసారి నవ్వింది కూడా. ఆఖరికి నా గడ్డం పట్టుకుని, పాత అలవాటుగా చెవి దగ్గర చెయ్యి పెట్టి, విన్నావా అని సైగ చేసింది. తలూపాను. ఆ ముఖం చూశాక ఊపకుండా ఎలా ఉంటాను? సాయంత్రానికల్లా "నా బిడ్డకు అన్నీ ఇనవడుతున్నయ్!" అని మిల్లంతా చెప్పుకుందట.

తర్వాత అత్త ఒక్కో వస్తువూ చేతిలో పెట్టి, పెదాలు చూపించి నాకు మాటలు నేర్పింది. తొంభైల్లో పెళ్లై కోదాడ వెళితే అక్కడి పెదాలు వేరు. "గిట్ల" అనరు, "ఇట్లా" అంటారు. వాళ్ల నోళ్లు మళ్లీ మొదటినుంచి చదువుకున్నాను. ఇన్ని మాటలు వచ్చాక కూడా అమ్మ ఆ మధ్యాహ్నం ఏం చెప్పిందోనన్న దిగులు నన్ను వదల్లేదు.

అమ్మ ఒకసారి కోదాడ వచ్చినప్పుడు, ఇద్దరం అన్నం తింటుండగా అడిగేశాను: "అమ్మా, నేను మిషన్ పెట్టుకొని వచ్చిన నాడు కరెంటు పోయింది సూడు, అప్పుడు నాతోని ఏం చెప్పినవే?"

అమ్మ చేతిలో ముద్ద కంచంలో పెట్టి నా వైపు తిరిగింది. ఎప్పటిలాగే పక్కింటికి వినపడేలా అరిచింది.

"గప్పటి ముచ్చట నాకేడ యాదుంటది బిడ్డా! ఇన్నది నువ్వు. నువ్వే చెప్పు."