గోరంత నేల

చిత్తూరు శివార్లలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. గేటు దగ్గర కాయ చూసి ట్రాక్టర్లను లోపలికి పంపుతాను. ఆ ధీమాతోనే, మా అక్క భర్త తోతాపురి మామిడి చెట్లు కొట్టేసి టమాటా పెడతానన్నప్పుడు అడ్డుపడ్డాను.

"కొట్టొద్దు బావా. మా గుజ్జు డ్రమ్ములు ఏటా ఓడెక్కి పోతానే ఉంటాయి. నీ కాయకు నేనుండాను గదా" అన్నాను. నా మాట మీద ఆయన చెట్లు ఉంచాడు.

తర్వాత ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. సూయజ్ కాలువ మీదుగా పోయే ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోసాగాయి. కిరాయిలు పెరిగాయి. బయటి దేశాలవాళ్లు కొనడం తగ్గించారు. పాత డ్రమ్ములే గోడౌను నిండా మిగిలాయి. కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఇక కాయ తీసుకోవద్దని లోపలి నుంచి కబురొచ్చింది. గేటు మూసింది నేనే. బయట వరసలో బావ ట్రాక్టరు ఉంది.

ఆయన దిగి వచ్చాడు. "ఏమైందప్పా?"

ఫోనులో పటం తీసి చూపించాను. రెండు సముద్రాల నడుమ సన్నటి నేల, దాన్ని చీల్చిన కాలువ. బావ దాని మీద బొటనవేలు పెట్టాడు. నేల, కాలువ రెండూ గోటి కింద మాయమయ్యాయి.

"ఇంతేనా? ఈ గోరంత నేల యాడనో ఉంటే, నా కాయ ఈడ కుళ్లిపోవల్లనా?"

"ఇంగో దావ ఉండాది బావా. శానా దూరం. దాంతోనే వచ్చింది తంటా."

తన బండి ఒక్కటి పంపమని ఆయన అడగలేదు. అడుగుతాడేమోనని నేనే ముందుగా చూపు తిప్పుకున్నాను.

మరునాడూ గేటు తెరవలేదు. ఎండకు కాయ మెత్తబడి రసం కారసాగింది. బావ పలమనేరు రోడ్డు పక్కన కాయంతా ఒంపేసి, ఖాళీ ట్రాక్టరుతో ఇంటికి పోయాడు.

వానలు పడగానే చెట్లు కొట్టిస్తున్నాడని తెలిసి వెళ్లాను. కొమ్మలు లాగుతూ క్షమించమనబోయాను.

"నీదేముందప్పా? సముద్రం నీ చేతిలో ఉండాదా?" అన్నాడు.

తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. మధ్యాహ్నం అక్క సంగటి పెట్టి లోపలికి వెళ్లింది. చదును చేశాక ఆ నేలలో ఏం వేయాలో బావ నన్ను అడగలేదు.