కిటికీ సందులకు అతికించిన కాగితాలు

అవ్వ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఆమె కూతురే. నవీపేట నుంచి ఆకుకూరలు తెచ్చి నిజామాబాద్‌లో మా వీధిలో అమ్ముతుంది. ఆ పొద్దున గంప దించకుండానే గుమ్మం ముందు నిలబడింది.

"మా అవ్వ పోయింది అక్కా. మొన్న పొద్దుగాల. ఈసారి సలికి తట్టుకోలే."

దేవుడి దగ్గర దీపం పెట్టి అప్పుడే లేచాను. గంప నేనే అందుకుని కింద దించాను. అవ్వ మాకు చుట్టం కాదు. ఇంతకు ముందు మేం బోధన్ దగ్గర ఉన్నప్పుడు మా పక్కింటి ముసలామె. ఆమెతో చెప్పవలసిన మాట ఒకటి తొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

నేను పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో. అక్కడ చలికాలమంటే తెల్లవారుజామున పైట తలమీదికి లాక్కోవడమే. పెళ్లయిన రెండేళ్లకు, మావారు ఇక్కడి కాలువ కింద చెరకు పొలం చూసుకోవలసి వచ్చి, మూడు నెలల పాపతో వచ్చాం. వచ్చిన నెలకే సీసాలో కొబ్బరినూనె రాయిలా గడ్డకట్టింది. తొట్టిలో చెయ్యి పెడితే ఎముకల దాకా జివ్వుమనేది. మడమలు పగిలి రక్తం వచ్చేది. పాప చేతులు ఎప్పుడు తాకినా చల్లగానే ఉండేవి. నాకు రోజంతా అదే దిగులు.

నన్ను చూసి అవ్వకు నవ్వు.

"గీ సలికే గిట్ల ముడుసుకుంటే ఎట్ల బిడ్డా? ఇంక అసలు సలి రానేలేదు. మీ ఆంధ్రోళ్లకు ఉడకపోసుడు దప్ప ఇంకోటి ఎర్కలేదు గద!"

"నా సంగతి సరే అవ్వా, పిల్లదాని గురించే నా బాధ."

"పిల్లకేమైతది? ఎండ ఎక్కినంక నీళ్లు పొయ్యి. పాత చీర లోపల సుట్టి, పైన ఊలుది కప్పు."

నేను వినలేదు. మా వైపు పొద్దున్నే నలుగుపెట్టి నీళ్లు పోసి, కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పొగలో బిడ్డ తల ఆరబెట్టాలి. మా అమ్మ అలాగే చేసింది, వాళ్లమ్మా అలాగే చేసింది. కానీ అమ్మావాళ్లది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి, వాసాల మీదుగా గాలి ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. మాదేమో స్లాబు ఇల్లు. పైగా చలి రాకుండా నేనే మైదాపిండి ఉడకబెట్టి, కిటికీ సందులన్నిటికీ పాత పేపర్లు అతికించాను. తలుపు కింద గోనెసంచి కుక్కాను. అతికించాక ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా.

బడికి వెళ్లిన దాన్ని కాను. అమ్మ పక్కన కూర్చుని స్తోత్రాల పుస్తకాల్లోనే అక్షరాలు దిద్దుకున్నాను. మూసిన గదిలో బొగ్గులు ఏం చేస్తాయో నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు చెరకు నరికే కూలీలు వచ్చారని మావారు పొలానికి వెళ్లారు. బయట ఇంకా మంచు విడలేదు. పాపకు నీళ్లు పోసి, కుంపటి మంచం పక్కకు జరిపి, సాంబ్రాణి వేసి తలుపు దగ్గరగా వేశాను. గది వెచ్చబడింది. పాప కళ్లు మూసింది. నాకూ తల బరువెక్కింది. ఇన్నాళ్లకు వెచ్చగా ఉన్నాం, నీ దయ తండ్రీ, అనుకుంటూ పక్కనే వాలాను.

తోడుకు ఇంత పెరుగు అడుగుదామని అవ్వ వచ్చిందట. పిలిస్తే పలకలేదట. తలుపు ఒక్క తోపు తోసింది. నేను కళ్లు తెరిచేసరికి పాపను ఎత్తుకుని వాకిట్లోకి వెళ్లిపోతోంది. లేవబోతే కాళ్లు నిలవలేదు. గడప పట్టుకుని అరిచాను.

"అవ్వా, తడి తల! చలి! లోపలికి తీసుకురా!"

"సలి పెడితే పెట్టనియ్యి! గా పొగల ఉంటె సస్తది! నువ్వు గూడ బయటికి రా, పిస్సదానా!"

"నా బిడ్డను చంపుతావా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

పాప మెడ వాలిపోయి ఉంది. అవ్వ అరికాళ్లు రుద్దుతోంది, మొహం మీద ఊదుతోంది, ఏదో దేవుణ్ణి తిడుతోంది. మంచులో ఎంతసేపు గడిచిందో తెలియదు. సన్నగా ఏడుపు వినిపించింది. అవ్వే ఆటో ఆపి, పాపను ఒళ్లో పెట్టుకుని, నన్ను బోధన్ దవాఖానకు తీసుకెళ్లింది.

ఆక్సిజన్ పెట్టిన డాక్టరమ్మ అడిగింది, "గదిలో బొగ్గులు పెట్టినవా అమ్మా?" తల ఊపాను. "ఇంకాస్త సేపయితే ఇద్దరూ దక్కకపోదురు," అంది. కబురంది పొలం నుంచి వచ్చిన మావారు అప్పుడు మందులకు వెళ్లారు. తిరిగి వచ్చి ఏమైందని అడిగితే, "చలి పట్టింది," అన్నాను. అవ్వ అక్కడే ఉంది. నా మొహంలోకి ఒకసారి చూసి ఊరుకుంది.

రెండు రోజులకు ఇంటికి వచ్చాం. మావైపు నుంచి ఎవరు ఫోన్ చేసినా దేవుడే కాపాడాడు అని చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ ఎవరి చేతులతో కాపాడాడో చెబితే, ఎవరి చేతుల నుంచి కాపాడాడో కూడా చెప్పాలి. ఆ భయంతో ఊరుకున్నాను. మేం ఇంటికొచ్చిన మధ్యాహ్నమే అవ్వ వచ్చి కిటికీల కాగితాలు గోళ్లతో పీకేసింది. ఎండలో ఏ గోడ ముందుగా వెచ్చబడుతుందో చూపించి, పాపను అక్కడ పడుకోబెట్టింది. ఇక్కడి చలిలో బతకడం నాకు నేర్పింది ఆమే. నేనన్న మాట ఎప్పుడూ ఎత్తలేదు. పాప చదువు కోసం ఊరు మారాక నేను మళ్లీ అటు వెళ్లనే లేదు. ఆమెను చూస్తే ఆ మాట గుర్తొస్తుందని.

పదకొండో రోజున మావారితో కలిసి అవ్వ ఇంటికి వెళ్లాను. కూతురు నన్ను చూసి నిష్ఠూరంగా, "బతికున్నప్పుడు ఒక్కపాలి రాకపోతివి గదక్కా," అంది. అప్పుడు అందరి ముందే చెప్పేశాను, కుంపటి సంగతి, నేనన్న మాట, అంతా. కూతురు నోరు తెరిచి చూసింది.

"గిదంత మాకు ఎర్కనే లేదు. పిల్లకు సలి వడితే దవాఖానకు తోలుకపోయిన అన్నది, గంతే."

నా అబద్ధాన్ని ఆమె కూడా మోసిందన్నమాట. మావారు కూడా అప్పుడే మొదటిసారి విన్నారు. ఇప్పటికీ ముభావంగానే ఉన్నారు. అది నాకు రావలసిందే.

రోజూ దీపం దగ్గర ఎన్నిటికో దండం పెట్టుకుంటాను. ఆమెకు బతికుండగా పెట్టలేకపోయాను. ఇది చదివిన అమ్మలను ఒకటే కోరుతున్నాను. మీ పూజలో ఎప్పుడైనా ఆమెను ఒక్క క్షణం తలుచుకోండి. పేరు అక్కర్లేదు, బోధన్ దగ్గరి అవ్వ అనుకుంటే చాలు.