ఆనందం సార్ భయాలు

మా ఆనందం సార్‌కు పేరులో తప్ప ఎక్కడా ఆనందం ఉండేది కాదు, ఉన్నదల్లా భయమే. కోరుట్ల బడిలో మాకు సోషల్ చెప్పేవారు. ఫ్యాన్ కింద నిలబడరు, ఊడిపడుతుందని. గోడకు ఆనుకోరు, కూలుతుందని. జగిత్యాల బస్సెక్కితే ముందు డ్రైవర్ దగ్గరికే. "తమ్మీ, రాత్రి మంచిగ పండుకున్నవా?"

ఇక భూకంపాల పాఠం మాకు పండగే. "సార్, గా భూకంపం మనకాడ గూడ అస్తదా?" అని దినేశ్ అడగడమే ఆలస్యం.

"అందరు బయటికి నడువుండ్రి!"

మిగతా పీరియడంతా గ్రౌండులో.

నాన్న సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే పని వదిలి కోరుట్ల బట్టల దుకాణంలో కుదరడంతో, నేను తొమ్మిదో తరగతిలో ఇక్కడ చేరాను. ఇంట్లో మగ్గాల చప్పుడును మించి అరిచి మాట్లాడిన పిల్లను, మొదటి రోజు పేరు చెప్పమంటే గొంతు పెగలక నిలబడిపోయాను. సాయంత్రానికి నా పేరు 'మ్యూట్'. దసరాకల్లా నేనూ నమ్మేశాను. ఎవరైనా పేరడిగితే పక్క పిల్ల చెప్పేది, "అది మాట్లాడది." నేను తలూపేదాన్ని. ఎవరైనా నన్ను పలకరిస్తారేమోనని రోజూ పుస్తకంలో తల దూర్చేదాన్ని.

వార్షికోత్సవం నాడు స్టేజీ వెనక సార్ చెమటలు కక్కుతూ నన్ను ఆపారు.

"రాధికా, నువ్వే నన్ను కాపాడాలె. మైకు ముట్టుకుంటె షాక్ కొడ్తదని నాకు భయం. గా జనాన్ని జూస్తె నాలుక పడిపోతది. గీ స్వాగతం జర నువ్వు చెప్పు."

"నాకు మాట్లాడరాదు సార్."

"నాకన్న ఎక్కువ భయమా నీకు?"

ఆయన చేతుల వణుకు చూసి జాలేసింది. ఆ జాలితోనే స్టేజీ ఎక్కాను. మాట రాలేదు. ముందు వరుసలో కిసకిసలు. పక్కకు చూస్తే సార్ కళ్లు మూసుకుని, తెర పట్టుకుని ఊగుతున్నారు. ఆయన పడిపోయేలోపు ముగించాలని కంగారుగా అరిచాను.

"నా పేరు రాధిక!"

మైకు కీచుమంది. స్వాగతం మొత్తం అదే గొంతుతో చెప్పేశాను. మర్నాడు క్లాసులో దినేశ్ చెవులు మూసుకున్నాడు. "రాధికా, జర మెల్లగ మాట్లాడరాదూ!"

ఆ తర్వాత ఒకరోజు రాయికల్ వారపు అంగడికి వెళ్తే, షామియానా కింద ఉపాధ్యాయుల సభ. మైకు చేతబట్టి దంచేస్తున్నది ఆనందం సారే! దిగమని చీటీల మీద చీటీలు పంపుతున్నా దిగడం లేదు. చివరి కుర్చీలో సార్ భార్య ఇంద్రమ్మగారు కనబడ్డారు.

"అమ్మా, సార్‌కు మైకంటే భయం గదా?"

"ఆయనకా? మైకుకే ఆయనంటె భయం బిడ్డా!"

అప్పుడే సార్ నన్ను చూశారు. మాట టక్కున ఆగింది. మైకును అంత దూరం జరిపి, గబగబా చెయ్యి వణికించడం మొదలుపెట్టారు.