కణాలు చచ్చిపోయిన వారం

సోమవారం పొద్దున ఉరవకొండ దగ్గరి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. మా ల్యాబ్ అన్న చనిపోయాడు. గుండెనొప్పి అని ఆయన భార్య చెప్పింది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ఆయన ముందే నేను ఆడిన అబద్ధం గుర్తొచ్చింది. దాన్ని దాచి ఆయన మంచితనం గురించి మీకు చెప్పలేను.

అనంతపురంలో నేను పరిశోధన చేసిన ఆరేళ్లూ ఆయన మా ల్యాబ్ అటెండర్. అంతకుముందు వేరుశెనగ రైతు. బోరు ఎండిపోయాక ఊళ్లో వాళ్ల చేలకు కూలికి పురుగుమందు కొట్టాడు, తర్వాత మా దగ్గర చేరాడు. కడిగిన ప్రతి సీసానూ వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ కడిగేవాడు. ఎందుకన్నా అంటే, "కంటికి కనపడేదొక్కటే మురికి కాదమ్మా" అనేవాడు. నేను ఈరోజుకీ అట్లాగే కడుగుతాను.

నా పని ఎలుక వృషణ కణాలతో. ఎప్పుడో ఒక ఎలుక నుంచి తీసిన కణాల సంతతి అది; శుక్రకణం కావడానికి మొదటి మెట్టు మీద ఉన్నవి. పంటల మందు వాటిని ఏం చేస్తుందో చూడటం నా పరిశోధన. ఒకరోజు అన్నకు సూక్ష్మదర్శినిలో చూపించాను. ఇవి ఎప్పుడు శుక్రకణాలు అవుతాయని అడిగాడు. ఈ గిన్నెలో కావు, ఇక్కడే ఆగి పెరుగుతూ ఉంటాయన్నాను. మందు కొట్టే మనిషికీ అట్లా అవుతుందా అన్నాడు. కణాలను చూసి ఒక మనిషి సంగతి చెప్పలేమన్నాను. పెళ్లై ఇరవై ఏళ్లు దాటినా ఆయనకు పిల్లలు లేరని నాకు తెలుసు.

కణాలను గడ్డకట్టించి దాచే ద్రవ నత్రజని క్యాన్ చూసుకోవడం చివరి ఏడాది మే నెలలో నా వంతు. థీసిస్ హడావుడిలో రెండు వారాలు మరిచిపోయాను. అన్నే మూత తీసి, అడుగంటిందని కేకేశాడు. ఎద్దుల వీర్యం దాచే పశువుల ఆసుపత్రికి వెళ్లి, బతిమాలి నత్రజని తెచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది. ఒక్కో గొట్టం కరిగించి చూశాం. అన్నీ చచ్చిపోయాయి. మూడేళ్లుగా మందు తగిలిస్తూ పెంచిన కణాలు అవి. కొత్తవి తెప్పించుకోవచ్చు, ఆ మూడేళ్లు తెప్పించుకోలేం.

ఎవరి నిర్లక్ష్యమని ప్రొఫెసర్ అడిగారు. అన్న చూసుకోలేదని చెప్పాను. పక్కనే నిలబడ్డ అన్న నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. మరుసటి రోజే గేటు కాపలాకు పంపేశారు.

ఆరోజే గేటు దగ్గరికి వెళ్లి, ఎందుకు మాట్లాడలేదన్నా అని అడిగాను.

"మాట్లాడే మొగం నాకు యాడుండాదమ్మా. పెండ్లైన రెండేండ్లకే డాక్టరు చెప్పినాడు, లోపం నాదేనని. ఇంట్లో చెప్పలే. నా పెండ్లాన్ని గొడ్రాలంటాంటే ఇన్నేండ్లు వింటా కూర్చున్యా. చంటిబిడ్డను ముట్టనీలేదు దాన్ని ఎవురూ. ఒగరి తప్పు ఇంగొగరు మోస్తే ఎట్లుంటాదో నిన్న తెలిసొచ్చినాది."

లోపలికొచ్చే బండికి గేటు తీసి, మళ్లీ నా దగ్గరికి వచ్చాడు.

"నా మాదిరి ఇరవై ఏండ్లు చేయొద్దు నువ్వు," అన్నాడు.

నేను రెండు నెలలు చేశాను. ప్రొఫెసర్‌కు నిజం చెప్పేసరికి అన్న పని మానేసి ఊరు చేరాడు. వెనక్కి రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. చెప్పినావు కదా, చాలు అన్నాడు.

ఆయన మాత్రం నాలాగా ఆగలేదని మొన్న ఫోన్ రాగానే ఆయన ఇంటికి వెళ్లినప్పుడు తెలిసింది. నాతో మాట్లాడిన వారంలోనే బంధువులందరినీ కూర్చోబెట్టి, లోపం తనదేనని చెప్పాడట. ఆ తర్వాత నెల రోజులు భార్య ఆయనతో మాట్లాడలేదట.

"నా కోపం ఇంగా పోలేదు పాపా," అందామె, ఆయన తల దగ్గర కూర్చుని. "అది పోకముందే ఈయప్ప పోయినాడు."

అంతలో ఆయన తమ్ముడి కోడలు నీళ్లకు లేచి, చంకలోని బిడ్డను ఏమీ అనకుండా ఆమె ఒడిలో పెట్టి వెళ్లింది. బిడ్డ ఆమె మెడలోని నల్లపూసలు గుప్పెట పట్టి లాగుతున్నాడు. ఆమె విడిపించుకోలేదు.