పాత వెర్షన్‌ను ఎవరైనా వాడుతున్నారా?

హనుమకొండలో మా ఆఫీసు ఒక మిఠాయి దుకాణం పైన ఉంటుంది. చుట్టుపక్కల కాలేజీలు, బడులు, ఇంకా అడిగినవాళ్ల కంప్యూటర్లకు ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వాటి బాగోగులు చూడటం మా పని. వాటికి కావలసిన ప్యాకేజీలన్నీ మా సర్వర్‌లో ఒకచోట పెడతాం. దాన్ని ఆర్కైవ్ అంటాం. గోడౌన్ అనుకోండి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ వెర్షన్‌కు సరుకు ఎక్కడి నుంచి తేవాలో ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో రాసి ఉంటుంది. గోడౌన్ సర్దే టూల్ ఆ ఫైలును బట్టే పని చేస్తుంది.

మొదటి నుంచీ ఆ ఫైలు మా సీనియర్ అన్న చేతిలోనే ఉంది. ఆయన వేరే ప్రాజెక్టుకు మారుతున్నాడు. ఆర్కైవ్ నాకు ఇవ్వాలా, హైదరాబాద్ నుంచి ఎవరినైనా తెచ్చుకోవాలా అన్నది ఆయన మాట మీదే ఉంది. నాకు అది కావాలి. లేకపోతే మళ్లీ హెల్ప్‌లైన్ ఫోన్లు ఎత్తాలి. రోజంతా ఫోన్ ఎత్తితే సాయంత్రానికి నేను ఎవరో ఒకరి మీద అరిచేదాన్ని.

ఫైలు తెరిస్తే, ఎప్పుడో కాలం చెల్లిన ఒక వెర్షన్ పేరు ఇంకా అందులోనే ఉంది. దానికి అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయింది. టూల్ నడిపిన ప్రతిసారీ ముందు అక్కడికే వెళ్లి తలుపు కొట్టి, ఎవరూ పలకక, ఎర్రక్షరాల్లో గొణిగి అప్పుడు ముందుకు కదిలేది.

"అన్నా, దీన్ని తీసేద్దామా?"

"ఉండనీ. నిన్నేమన్న తింటాందా?"

"దిమాక్ తింటాంది."

"ఎవరన్న వాడుతాండ్రేమో. జర ఆగు."

"ఎవరు వాడుతాండ్రు?"

"ఏమో."

ఆ "ఏమో"కే నాకు మండింది.

మర్నాడు అన్న స్టేషన్ ఘన్‌పూర్‌లో పెళ్లికి వెళ్లాడు. నేను ఆ వెర్షన్ లైన్లన్నీ ఎంచి తీసేసి, సేవ్ కొట్టి, టూల్ మొదలుపెట్టి, ఫోన్ పట్టుకుని చాయ్‌కి కిందికి దిగాను. రెండు రీల్స్ చూశానో లేదో, హసన్‌పర్తి కాలేజీ ల్యాబ్ సారు ఫోన్.

"అమ్మా, పిల్లలకు ప్రాక్టికల్స్ పెట్టుకున్నం. కొత్త ప్యాకేజీ పొద్దున్నే వస్తదంటిరి. రాకపాయె!"

"ఐదు నిమిషాలు సార్," అని పైకి పరిగెత్తాను.

టూల్ మొత్తం ఆగిపోయి ఉంది. అది చెబుతున్నదేమిటంటే: ఈ వెర్షన్ ఫైలులో లేదు, నా లోపల మాత్రం ఇంకా ఉంది, కావాలనే తీశారో, పొరపాటో తేలేదాకా ఏ పనీ చేయను. సరే, తుడిచెయ్ అన్నాను. ఇంకో అడ్డు పెట్టింది. లోపల ప్యాకేజీలున్నాయట. వాటితో సహా పోవాలంటే ఆ మాట విడిగా చెప్పాలట.

చెప్పేద్దామని వేలు ఎంటర్ మీదికి వెళ్లింది. ఎందుకో అన్నకు ఫోన్ చేశాను. వెనక బ్యాండు మోగుతోంది.

"తీసెయ్యొద్దంటి కదనే!"

"తీసేసిన. ఇప్పుడు మొత్తం పొమ్మనాల్నా, చెప్పు."

"ఎవరూ వాడుతలేరని నీకు తెలుసా?"

"వాడుతాండ్రని నీకు తెలుసా?"

బ్యాండుకు దూరంగా జరిగాడు, మోత తగ్గింది.

"తెల్వదు," అన్నాడు.

"మరి ఇన్నేండ్ల నుంచి ఒక్కపారన్న అడగలే?"

"ఎవర్నని అడుగుతం?"

తీసిన లైన్లన్నీ పళ్లు కొరుక్కుంటూ మళ్లీ పెట్టాను. టూల్ కదిలింది. హసన్‌పర్తికి ప్యాకేజీ వెళ్లింది. అదే ఊపులో, మేము పనిచేసిపెట్టే వాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో వెర్షన్ పేరు రాసి పెట్టాను: "ఇది ఇంకా ఎవరైనా వాడుతున్నారా? ఈ వారంలో చెప్పండి. తర్వాత నన్ను తిట్టొద్దు."

బొటనవేళ్లు వచ్చాయి. ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం పంపారు, మధ్యాహ్నం పూట. ఒకాయన "వాడుతలేము కానీ మా మౌస్ ఖరాబైంది" అని రాశాడు. సాయంత్రానికి నర్సంపేటలోని ఒక చర్చి నుంచి పాస్టరమ్మగారి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"వందనాలు బిడ్డా. పాటలు గోడ మీద చూపెట్టే మా కంప్యూటర్‌లో గదే ఉన్నది. ఆన్ చేస్తే నువ్వు రాసిన పేరే వస్తాంది. నువ్వు తీసేస్తే మా పాటలు పోతయా?"

ఫోన్ చేశాను. "పాటలు పోవమ్మగారు. కానీ అది చెడిపోతే బాగుచేసే సరుకు ఇగ మా దగ్గర ఉండది. కొత్త వెర్షన్ ఎక్కించుకోవాలె."

"నాకేం వస్తది బిడ్డా? నువ్వే రా."

శనివారం నర్సంపేట బస్సెక్కాను. పాటలన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, కొత్త వెర్షన్ ఎక్కించడం మొదలుపెట్టాను. ఎంత ఎక్కిందో తెర మీద చూపే గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది. నేను కుర్చీలో కుదురుగా లేను.

"అట్ల కాలు ఊపకు బిడ్డా, టేబులు కదులుతాంది," అందామె. "రేపు పాటలు రాకపోతే ఏమైతది? తెలిసిన పాటలే పాడుకుంటం."

గీత కదిలింది. కాసేపటికి గోడ మీద పాట పడింది. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి ఆమె పాట మొత్తం పాడింది. నేను ఫోన్ బ్యాగులో వేసి విన్నాను.

సోమవారం అన్న నా వెనక నిలబడ్డాడు. లైన్లు తీశాను. ప్యాకేజీలతో సహా పొమ్మని టూల్‌కు విడిగా చెప్పాను. ఒక్కొక్క పేరూ చెబుతూ అన్నీ తీసేసింది. తర్వాత మామూలు పని మొదలుపెట్టింది. ఒక్క ఎర్రక్షరం లేదు.

"నేనైతే ఇంకో పదేండ్లు ఉంచేటోణ్ణి," అన్నాడు.

"నాకెరికే."

"అండ్ల ఇంకో పాత లైన్ ఉంది. జరుగు, అది నేనే తీస్త."

కుర్చీలో కూర్చుని ఫైలు చివరికి వెళ్లాడు. ఆర్కైవ్‌లో ఏదైనా తప్పు జరిగితే మెయిల్ ఎవరికి వెళ్లాలో అక్కడ రాసి ఉంది. తన అడ్రసు చెరిపేసి నాది కొట్టాడు. సేవ్ మాత్రం చేయలేదు. కీబోర్డు నా వైపు జరిపాడు.