పంటు మీద అమ్మతో

ఇక కీమో వల్ల ఉపయోగం లేదని రాజమండ్రి డాక్టరు గారు చెప్పిన రోజు, తిరుగు ప్రయాణంలో అమ్మ కారు సీటుకు తల వాల్చింది. కాలేయానికి పాకిన క్యాన్సర్ గురించి తమ్ముడూ నేనూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే కళ్లు మూసుకుని వింటూ కూర్చుంది. రావులపాలెం దాటాక కళ్లు తెరిచి, పిల్లకు వేసవి సెలవులు ఎప్పుడిస్తారని అడిగింది.

పిల్ల అంటే నా కూతురు. అప్పుడు మూడో తరగతి. అమ్మమ్మకు కడుపులో పుండు అని మాత్రమే దానికి చెప్పాం.

సెలవులిచ్చాక అమ్మ తన కోరిక బయటపెట్టింది. పిల్లను తీసుకుని నరసాపురం రేవులో జనాన్నీ బళ్లనీ మోసే పంటు ఎక్కి, గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగాలట. ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మ అవతలి ఒడ్డున మిషన్ బడిలో టీచరు. రోజూ ఆ పంటు మీదే వెళ్లొచ్చేది. "నన్ను మంచం మీద చూసిందే దానికి గుర్తుండిపోకూడదే" అంది.

తమ్ముడు వద్దన్నాడు. ఎండ, రోగనిరోధక శక్తి, దారిలో ఏమైనా అయితే ఆసుపత్రి ఎంత దూరం, ఇవన్నీ అడిగాడు. తీసుకెళ్తే ఏమవుతుందోనని భయం, తీసుకెళ్లకపోతే తర్వాత నా మొహం నేను ఎలా చూసుకోవాలన్న భయం. రెండో భయమే గెలిచింది. నొప్పి మాత్రలు, వాంతి మాత్రలు, థర్మామీటరు, పాత తువ్వాళ్లు సంచిలో సర్దుకుని, ఎండ ఎక్కకముందే బయలుదేరాం. చివరికి తమ్ముడే కారు నడిపాడు.

కారు రేవులో వదిలి, అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో పంటు మీద కూర్చోబెట్టాం. చుట్టూ మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు. అమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుని, వానాకాలంలో చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పంటు ఎక్కిన సంగతి చెబుతోంది. నేను ఫోటోలు తీస్తున్నాను. తీసిన ప్రతిదాన్నీ పెద్దది చేసి, అందులో అమ్మ జబ్బు మనిషిలా కనబడుతోందా అని చూసి, చెరిపేసి మళ్లీ తీస్తున్నాను.

నది మధ్యలో పంటు అడుగున ఏదో గీసుకున్నట్టయి ఆగిపోయింది. ఇసుక మేట. సముద్రం పోటు ఎక్కి నీళ్లు పెరిగితే అదే లేస్తుందని, కంగారు పడొద్దని పంటు నడిపే సరంగు చెప్పాడు. ఎంతసేపంటే చెప్పలేనన్నాడు. ఎండ పెరిగింది. అమ్మ మాటలు తగ్గాయి. పెదాలు తెల్లబడ్డాయి. మాత్ర వేశాను, నిలవలేదు. తువ్వాలు చాలక చీరంతా వాంతి అయింది. తమ్ముడు నావైపు చూసి మొహం తిప్పుకున్నాడు. వాడు ఏమన్నా అని ఉంటే బాగుండేది.

నేను సంచిలో ఏదో వెతుకుతూ, ఏం వెతుకుతున్నానో మరిచిపోయాను. అప్పుడు పిల్ల నీళ్ల సీసా మూత తీసి, దోసిట్లో నీళ్లు పోసుకుని, అమ్మమ్మ మొహం కడిగింది. గడ్డం కింద కూడా. కడిగి, మామూలుగా అడిగింది.

"అమ్మమ్మా, నువ్వు చచ్చిపోతావా?"

నేను నోరు తెరిచాను. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"అవునమ్మా. ఈ జబ్బు తగ్గదు."

"మరి పుండు అన్నారుగా?"

"నువ్వు భయపడతావని అలా చెప్పారు. భయమేస్తోందా?"

పిల్ల తలూపింది. "నాక్కూడా వేస్తోంది" అంది అమ్మ. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. అమ్మ భయపడుతోందని అంతవరకూ నాకు తెలియదు. మాకెవరికీ చెప్పలేదు.

పోటు ఎక్కి పంటు కదిలింది. సఖినేటిపల్లి రేవులో అమ్మ బడి దాకా నడవలేకపోయింది. టీ కొట్టు బల్ల మీద కూర్చుని అరగ్లాసు టీ తాగి, ఇక చాలంది. ఆ రాత్రి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. నేనే చంపుకున్నానేమో అనుకుంటూ తెల్లారేదాకా వరండాలో కూర్చున్నాను. అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. వానలు ముదిరాక, ఇంట్లోనే, నిద్రలో పోయింది.

జ్ఞాపకార్థ కూటంలో ఎవరో పిల్లను దగ్గరకు తీసుకుని అమ్మమ్మ గురించి చెప్పమన్నారు. చీర కుచ్చెళ్ల సంగతి చెబుతుందనుకున్నాను. "పంటు ఆగిపోయినప్పుడు అమ్మమ్మకి నేనే మొహం కడిగానండి" అంది. ఆ గొంతులో దుఃఖం కంటే గర్వమే ఎక్కువగా వినిపించింది. అయినా దానికి మేలు చేశామో కీడు చేశామో నాకు ఇప్పటికీ తేలలేదు. నాకు కాస్త ఒళ్లు వెచ్చబడినా గుమ్మంలో నిలబడి, "నీక్కూడానా అమ్మా?" అని అడుగుతుంది. కాదు, జలుబు అంటాను. పుండు అన్నప్పుడు కూడా ఇలాగే చెప్పావు కదా అంటుంది. మందుల చీటీ చేతికిచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక్కో మాత్రా దేనికో చెబుతాను. అన్నీ విన్నాకే వెళ్లి ఆడుకుంటుంది.