కింద ఇసుక, పైన బొగ్గు

నా మొగుడి పదహారో రోజు కర్మ ముగిసిన మర్నాడే నేను ఎండుచేపల పులుసు పెట్టుకుని తిన్నాను. దాచుకునే మాట కాదు కాబట్టి మొదటే చెబుతున్నాను. దాచినా ఆ వాసన దాగదు. మా పేట ఉప్పళంలో ఇళ్ళు భుజాలు రాసుకుని ఉంటాయి, ఒక ఇంట్లో పోపు వేస్తే మూడిళ్ళవాళ్ళు తుమ్ముతారు. ఆ మూడో ఇల్లు మా ఆడబిడ్డది, నా మొగుడికి అక్క. ముక్కు పట్టుకుని వచ్చింది.

"ఏందే ఇది? మొగుడు పోయినదానికి నాలుక ఇంకా బతికే ఉండాదా?"

"నాలుక పోయింటే నిన్ను వదినా అని ఎట్ట పిలిచేది? కూర్చో, ఒక ముద్ద తిందువు."

ఆమె కూర్చోలేదు. నిలబడే తిట్టి పోయింది. రాత్రిపూట అన్నం మానేయమంది, రెండు ఇడ్లీలు చాలంది. నేను వేడన్నంలో మిరియాల చారు పోసుకుని, అప్పడం నంజుకుని, గిన్నె అడుగు వరకు తిన్నాను. ఏడ్చిన మనిషికి ఆకలి ఎక్కువ. ఈ సంగతి చావింటికి వచ్చినవాళ్ళు ఎవరూ చెప్పరు.

నా చదువు మూడో తరగతి, మాది అరవ ఊరు కాబట్టి అదీ అరవంలో. తెలుగు నా నోట్లోనే ఉంది కానీ కంటికి తెలియదు, అందుకే చెప్పి రాయిస్తున్నాను. కేకు చేయడం నేర్చుకున్నదీ చదివి కాదు. కొత్త కాపురంలో సముద్రం దగ్గరి వీధుల్లో ఒక ఇంట్లో వంటపనికి పోయేదాన్ని. ఆ ఇంటి పెద్దమ్మ క్రిస్మస్‌కు రవ్వ కేకు చేసేది. వెన్నలో రవ్వ వేయించడం, ముంతమామిడిపప్పు, ఎండుద్రాక్ష, నారింజ తొక్క, అన్నీ పక్కన నిలబడి చూశాను. ఆమెకు ఓవెన్ ఉంది. నాకు లేదు. "నిప్పు కిందా ఉండాలి, పైనా ఉండాలి, అంతే" అన్నదామె. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి వచ్చాను.

పాత అల్యూమినియం గుండిగ అడుగున నాలుగు వేళ్ళ మందాన ఇసుక పరిచాను. ఇసుక వేడెక్కాక కేకు గిన్నె దాని మీద పెట్టి, మూత వేసి, మూత మీద కాలే బొగ్గులు పోశాను. సముద్రపు ఇసుకను నేను నమ్మలేదు, అందులో ఉప్పు ఉంటుంది. నా మొగుడు అరియాంకుప్పం ఏటి గట్టు నుంచి సంచెడు తెచ్చి, కడిగి, ఎండబెట్టి ఇచ్చాడు. బొగ్గులు మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చేవాడు. ఎన్నిసార్లు చేసినా అడుగు కాస్త మాడేది. ఆ మాడిన అంచు కోసం తండ్రీ కూతురూ కొట్టుకునేవాళ్ళు. అంచు ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు. ఆయన పోయాడు కానీ ఆ ఇసుక డబ్బాలో అలాగే ఉంది. ఇంతవరకు మార్చలేదు.

కూతుర్ని నెల్లితోపులో ఇచ్చాం. దానికి ఏడో నెల వచ్చింది. సీమంతం మా ఇంట్లోనే జరగాలి, అది పుట్టింటివాళ్ళ పని. పిల్లను పీట మీద కూర్చోబెట్టి, చందనం పూసి, గాజులు తొడిగి, నోట్లో తీపి పెడతారు. మొగుడున్న ఆడవాళ్ళే పెట్టాలని ఆచారం. పిల్ల ముందుగానే ఫోన్ చేసింది.

"మా, ఆరు నెలలుగా ఏమి తిన్నా కక్కుతా ఉండాను. నీ కేకు తప్ప ఏదీ మనసుకు రాలా. మొదటి ముక్క నువ్వే పెట్టల్ల."

"నేనే పెడతా," అని మాట ఇచ్చాను.

మా ఆడబిడ్డకు ఈ సంగతి తెలిసింది.

"నీకేమన్నా పిచ్చా? తాళి లేని చెయ్యి కడుపుతో ఉండే పిల్ల నోటికి పోతుందా? వియ్యపురాలు లేచి పోతే ఆ పిల్ల గతి ఏంది?"

ఆ చివరి మాటకు భయపడ్డాను. వంట నేనే చేసేట్టు, ముందుగది కూడంలోకి మాత్రం రానట్టు ఒప్పుకున్నాను. తప్పు నాదే. పిల్లకిచ్చిన మాటను వంటింట్లో పెట్టి తలుపు మూశాను.

ఆ రోజు పొద్దున్నే చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, పెరుగు, బెల్లం, ఐదు రకాల అన్నాలు వండి దించాను. కేకులో శుభకార్యమని గుడ్డు మానేసి, రవ్వను పెరుగులో నానబెట్టాను. అడుగు ఈసారీ కాస్త మాడింది. మా ఆడబిడ్డ వచ్చి పళ్ళెం ఎత్తుకుపోయింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను.

గాజులు అయిపోయాయి. మా ఆడబిడ్డ కేకు తుంచి పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల నోరు తెరవలేదు. కళ్ళు వంటింటి వైపే ఉన్నాయి.

వియ్యపురాలు పళ్ళెంలోకి వంగి చూసింది. "ఎంత ఎర్రగా ఉండాదక్కా! ఎవరు చేసినారు?"

"నేనే," అంది మా ఆడబిడ్డ.

"యాడ నేర్చుకుంటిరి? మీ ఇంట్లో ఓవెన్ ఉండాదా?"

"ఓవెనేంది, ఇడ్లీ కుండలో ఆవిరికి పెట్టినా."

వియ్యపురాలు ఒక ముక్క తిరగేసింది. అడుగు నల్లగా కనిపించింది. "ఆవిరికి కేకు మాడుతుందా అక్కా? ఆవిరికి కాలేది మన చెయ్యే కదా!"

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా మొగుడు మోసుకొచ్చిన ఇసుక, నేను పోసిన బొగ్గు, ఒక్క మాటలో ఇడ్లీ కుండ అయిపోయాయి. పిల్ల ఇంకా నోరు మూసుకునే కూర్చుంది. తలుపు తోసుకుని కూడంలోకి వచ్చాను. చేతికి మసి ఉంది, కొంగుకు తుడుచుకున్నాను.

"కింద ఇసుక, పైన బొగ్గు. చేసింది నేను. నా బిడ్డకు పెట్టేదీ నేనే. చూడలేనివాళ్ళు కళ్ళు మూసుకోండి, ఒక్క నిమిషం పట్టే పనే."

మాడిన అంచు తుంచి పిల్ల నోటికి అందించాను. అది నోరు తెరిచింది. నమిలింది. కక్కలేదు.

"మాడ్చినావు మా," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"మీ నాయిన భాగం. ఈసారికి నువ్వు గెలిచినావు."

ఒక ముసలామె తాంబూలం తీసుకోకుండానే లేచి వెళ్ళింది. ఆపలేదు. ఆమె వంతు పులిహోర నేను తిన్నాను. వియ్యపురాలు వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ, ఇసుక ఎన్ని వేళ్ళ మందం వేయాలని అడిగింది. నాలుగు వేళ్ళు చూపించాను.

సాయంత్రం గుండిగ తోముతుంటే గుమ్మంలో నీడ పడింది. మా ఆడబిడ్డ.

"నాకు ఒక ముక్కన్నా మిగిల్చినావా, లేదా?"

"ఉండాది. వచ్చి కూర్చుని తిను వదినా."

ఆమె కూర్చోలేదు. గోడకు ఆనుకుని, నిలబడే తిన్నది. తిని, వేళ్ళకు అంటిన పొడి కూడా నాకింది.